కొండ మీద వెంకన్న, కింద జాంబీలు

మా పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపు పండగలకీ పుట్టినరోజులకీ తప్ప నోరు తెరవదు. 2025 మొదట్లో ఒకరోజు తెల్లారకముందే వరంగల్ అందులో ఒక వార్త పడేశాడు. పిట్స్‌బర్గ్ దగ్గర మన్రోవిల్ మాల్‌ని వాల్‌మార్ట్ కొనేసిందట, పాతది పడగొట్టి కొత్తగా కడతారట. కింద ఒక్క ముక్క రాశాడు: “మనం తిన్నది అరిగేదాక తిరిగిన జాగ పోయింది రా.”

మేం నలుగురం ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. వరంగల్, కడప, నెల్లూరు, నేను తెనాలి. ఇద్దరికి ఒకే పేరు ఉండటంతో మొదలైన అలవాటు. ఇప్పటికీ ఫోన్లో అలాగే సేవ్ చేసి ఉన్నాయి. వాళ్ళలో ఒకడి అసలు పేరు రాయమంటే కాసేపు ఆలోచించాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పిట్స్‌బర్గ్ అంటే ముందు గుడి. పెన్ హిల్స్‌లో కొండవాలున తెల్లటి గోపురం, లోపల వెంకటేశ్వరస్వామి, కింద క్యాంటీన్లో పులిహోర, పెరుగన్నం. 1976, 77 ప్రాంతంలో వెలిసిన గుడి. మా రోజుల్లో న్యూజెర్సీ నుంచి కూడా రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి మొక్కు తీర్చుకుని పోయేవాళ్ళు. మాకది పక్కవీధి గుడిలాంటిది. శనివారం దర్శనం, తర్వాత క్యాంటీన్, అక్కణ్ణుంచి పది పదిహేను నిమిషాల్లో మన్రోవిల్ మాల్. మూడూ కలిపి ఒకటే కార్యక్రమం. స్వామిని చూసి, మాల్‌కి వెళ్ళకుండా ఇంటికొచ్చిన శనివారం ఒక్కటీ గుర్తులేదు.

ఆ గుడి కట్టిన రోజుల్లోనే, ఆ మాల్‌లోనే, జాంబీ సినిమాలు తీసేవాళ్ళంతా ఇప్పటికీ దణ్ణం పెట్టుకునే సినిమా ఒకటి తీశారని మాకు ఏడాది దాకా తెలియదు.

నేను అక్కడ దిగింది 2000 అక్టోబరులో. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వై2కె హడావుడి అప్పటికే అయిపోయింది. డాట్‌కామ్‌ల గాలి పోతోంది. అది మాకు చెప్పినవాడు లేడు. 2001 ఏప్రిల్‌లో నా ప్రాజెక్టు అయిపోయింది, బెంచి మీదికొచ్చాను. బెంచి అంటే తెలియనివాళ్ళ కోసం: కన్సల్టెన్సీ వాడు నిన్ను తీసుకెళ్తాడు, ప్రాజెక్టు దొరక్కపోతే గదిలో కూర్చోబెడతాడు, జీతం అడిగితే “వచ్చే వారం” అంటాడు. మావాడికి వచ్చే వారం ఆరు నెలలైనా రాలేదు.

నలుగురిలో ముగ్గురం బెంచి. నెల్లూరు ఒక్కడికే ఉద్యోగం, కాబట్టి వాడికే కారు, సెకండ్ హ్యాండ్ కరోలా. పొద్దున ఆఫీసుకి పోతూ మమ్మల్ని మాల్ దగ్గర దింపేవాడు, సాయంత్రం వస్తూ ఎక్కించుకునేవాడు. పిల్లల్ని బళ్ళో దింపినట్టు. బిల్లు పెరుగుతుందని కడప ఇంట్లో హీటర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మాల్‌లో మాత్రం వేడి ఫ్రీ, వెలుగు ఫ్రీ, బాత్రూమ్ ఫ్రీ, పాటలు ఫ్రీ. పైగా మనల్ని ఎవరూ ఏమీ అడగరు. చేతిలో ఒక ఖాళీ కవరు ఉంటే చాలు, కొనడానికి వచ్చినవాళ్ళే అనుకుంటారు. ఈ కిటుకు వరంగల్ కనిపెట్టాడు. పెన్నీస్ (జేసీపెన్నీ అనే పెద్ద దుకాణం) కవరు ఒకటి మడత పెట్టి జేబులో దాచుకుని, లోపలికి రాగానే దులిపి చేత్తో పట్టుకునేవాడు.

కింద ఒక రౌండు, ఎస్కలేటరెక్కి పైన ఒక రౌండు, మధ్యలో ఉన్న వంతెన దాటి మళ్ళీ మొదటికి. చూసిన చొక్కానే మళ్ళీ చూడటం, తిప్పిన ధర చీటీనే మళ్ళీ తిప్పడం. అప్పుడు డాలరు 47 రూపాయలు. గుణించుకోవడం, పెట్టేయడం. థాంక్స్‌గివింగ్ మర్నాటి సేల్‌లో అందరూ ఎగబడుతుంటే నేనూ ఎగబడి మూడు సూట్‌కేసుల సెట్టు కొన్నాను, క్రెడిట్ కార్డు మీద. ఉద్యోగం లేదు, ఇండియా టికెట్‌కి డబ్బుల్లేవు, ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేదు. “ఎప్పటికైనా పనికొస్తాయి కదా” అన్నాను. ఆ సూట్‌కేసులు మేం అక్కడున్నన్నాళ్ళూ మా మంచాల కింద, ఒకదాన్లో ఒకటి దూరి, ఖాళీగా పడుకున్నాయి.

సినిమా సంగతి చెప్పింది మా అపార్ట్‌మెంట్‌లో కింది వాటాలో ఉండే పెద్దాయన. రోజూ పొద్దున దుకాణాలు తెరవకముందే మాల్‌కి వెళ్ళి నడిచేవాడు. అక్కడ రిటైరైనవాళ్ళకి అదొక అలవాటు. చలికాలం బయట నడిస్తే జారి పడతారని మాల్‌లో చుట్లు కొడతారు. ఒకరోజు లాండ్రీ రూములో బట్టలు ఆరేదాకా మాటల్లో పడి, మీరూ మాల్‌లో కనిపిస్తుంటారు, ఏం చేస్తుంటారు అని అడిగాడు. ఊరికే తిరుగుతుంటాం అన్నాను. ఆయన నవ్వాడు. “నేనక్కడ జాంబీగా పనిచేశాను” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అదేదో అక్కడి జోకు అనుకుని నేనూ నవ్వేశాను. సాయంత్రం తలుపు కొట్టి ఒక క్యాసెట్ ఇచ్చాడు. జార్జ్ రొమేరో తీసిన డాన్ ఆఫ్ ది డెడ్, 1978.

గరాజ్ సేల్‌లో 20 డాలర్లకి కొన్న టీవీ మాది, వీసీఆర్ దాని పొట్టలోనే ఉండేది. నలుగురం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. కథ చిన్నదే. చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళని పీక్కుతింటున్నారు. ఎందుకు లేచారో సినిమా తేల్చి చెప్పదు. ఊళ్ళన్నీ అల్లకల్లోలం. ఇద్దరు పోలీసులు, పీటరూ రోజరూ. టీవీ స్టేషన్లో పనిచేసే ఫ్రాన్, ఆమె ప్రియుడు స్టీఫెన్, హెలికాప్టర్ నడిపేవాడు. నలుగురూ ఆ హెలికాప్టర్లో పారిపోతూ కింద ఒక పేద్ద కట్టడం చూస్తారు. ఏంటిది అని ఒకడు అడుగుతాడు. 1978లో మాల్ అనేది అక్కడ కూడా అంత కొత్త. దాని కప్పు మీద దిగుతారు, పైనుంచి లోపలికి తొంగి చూస్తారు.

“ఒరేయ్, ఆపు ఆపు! వెనక్కి తిప్పు!” అని కడప అరిచాడు.

తిప్పాం. పెన్నీస్. మా పెన్నీస్. ఎస్కలేటరు. మా వంతెన. మధ్యలో మేమెప్పుడూ చూడని ఐస్ రింకొకటి. వాటన్నిటి మీదా బూడిద మొహాల జనం, మెల్లగా, దిక్కు లేకుండా తిరుగుతున్నారు. ఒకడు ఎస్కలేటరు మీద తడబడుతున్నాడు, ఒకడు అద్దానికి మొహం ఆనించి లోపలికి చూస్తున్నాడు. పైన స్పీకర్లలో హుషారుగా బ్యాండు మేళం.

“అరే, ఏందిరా ఇది, మనమే కదరా” అన్నాడు వరంగల్.

అదే మాట సినిమాలో కూడా ఉంది. ఇంతమంది ఇక్కడికే ఎందుకొస్తున్నారని ఫ్రాన్ అడుగుతుంది. ఏదో సహజ ప్రవృత్తి, ఒకప్పుడు చేసినదాని జ్ఞాపకం, వాళ్ళ బతుకుల్లో ఇది ముఖ్యమైన చోటు అని స్టీఫెన్ చెబుతాడు. తర్వాతెప్పుడో పీటర్ అంటాడు, వాళ్ళు మనమే, అంతే, అని. మేం అంత దూరం ఆగలేదు. వరంగల్ మాల్ కనిపించగానే తేల్చేశాడు.

భయమేసిందా అంటే, మొదట్లో నవ్వొచ్చింది. జాంబీల మొహాలకి బూడిద రంగు పూశారు, తెర మీద అది నీలంగా పడింది. విభూతి రాసుకుని వానలో తడిసినట్టున్నారు. రక్తమైతే మరీ, గుమ్మాలకి వేసే ఎర్ర పెయింటు. మేకప్ చేసిన టామ్ సావినికే ఆ రంగు నచ్చలేదట, బొమ్మల కథలా ఉంటే మంచిదే అని రొమేరో సరిపెట్టాడట. జాంబీల్లో నర్సు ఉంది, సన్యాసిని ఉంది. ఇంకొకడు కాషాయం కట్టుకుని బోడిగుండుతో మెట్లెక్కి ఫ్రాన్ మీదికొస్తుంటే నెల్లూరు లేచి నిలబడ్డాడు. “హరే కృష్ణ వాడు రా! వాడికి కూడా మాంసమేనా!” ఆ రాత్రి మేం నవ్విన నవ్వుకి పక్కవాటా వాళ్ళు గోడ కొట్టారు.

నవ్వు ఎక్కడ ఆగిందో నాకు బాగా గుర్తు. నలుగురూ మాల్‌ని తమది చేసుకుంటారు. తలుపులకి లారీలు అడ్డం పెడతారు, లోపలున్న జాంబీలని కాల్చేస్తారు, పైకెళ్ళే దారికి దొంగ గోడ కట్టి దాక్కుంటారు. ఇక అన్నీ వాళ్ళవే. కోట్లు, వాచీలు, సోఫాలు, టీవీ. బ్యాంకులోకి వెళ్ళి నోట్ల కట్టలు కూడా సంచిలో వేసుకుంటారు. దేశమే లేదు, ఆ నోటుకి విలువ ఏముంది? ఏమో, ఎప్పుడు ఏ అవసరమొస్తుందో అన్నట్టు ఒకడు నవ్వుతాడు. నా కళ్ళు మంచం కిందికి పోయాయి. సూట్‌కేసు పిడి బయటికి కనిపిస్తోంది.

అప్పటికే రోజర్‌ని జాంబీ కరిచింది. కరిచినవాడు చస్తాడు, చచ్చినవాడు లేస్తాడు. అది వాడికీ తెలుసు, పీటర్‌కీ తెలుసు. తిరిగి లేవకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను అంటాడు రోజర్. మాట పోతుంది. పీటర్ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో తుపాకీ పెట్టుకుని కూర్చుంటాడు. చాలాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత దుప్పటి కదులుతుంది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు మా తాతయ్య పోయాడు. పిల్లలు రాకూడదని ఎంత చెప్పినా పాడె వెనక పరిగెత్తాను. ఊరి బయట దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. మా పెదనాన్న తాతయ్య చెవి దగ్గర వంగి “నాన్నా” అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిచేసరికి గొంతు పగిలిపోయింది. అందరూ ఆ మొహం వైపే చూస్తున్నారు. తాతయ్య కళ్ళు తెరుస్తాడని నేను నిజంగానే అనుకున్నాను. ముక్కు మీద వాలిన ఈగని ఎవరో తోలారు. ఆ చెయ్యి కదిలితే తాతయ్యే కదిలాడనుకుని గంతేశాను. పెదనాన్న నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

లేస్తాడేమో అని మనం పిలుస్తాం. పీటర్ లేవకూడదని కూర్చున్నాడు, లేస్తే కాల్చాలని కూర్చున్నాడు. ఎర్ర పెయింటు రక్తం ఉన్న సినిమాలో ఈ సీను ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలియలేదు. మా నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. కడప లేచి వెళ్ళి హీటర్ పెంచాడు.

చివర్లో బైకుల మీద ఒక దోపిడీ ముఠా వచ్చి మాల్ తలుపులు బద్దలుకొడుతుంది. వాళ్ళకి కావలసింది సామాను. దాక్కుంటే దోచుకుని పోతారు. స్టీఫెన్ ఊరుకోడు, ఇది మాది, మేం పట్టుకున్నాం అని కాల్పులు మొదలుపెడతాడు. ప్రాణాలకి ముప్పొచ్చి కాదు, దుకాణం పోతోందని. ముఠా వాళ్ళు జాంబీల మొహాలకి క్రీము కేకులు కొట్టి ఆడుకుంటారు. టోపీ పెట్టుకున్న ఒకడైతే అంత గొడవలో మాల్‌లోని బీపీ మిషన్ దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి బీపీ చూసుకుంటుంటాడు. జాంబీలు వచ్చి వాణ్ణి అక్కడే తినేస్తారు, చెయ్యి మిషన్లోనే ఉండిపోతుంది. ఇంతకంటే ఎగతాళి నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ఫార్మసీలో బీపీ మిషన్ కనిపిస్తే ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.

స్టీఫెన్ లిఫ్టులో దొరికిపోతాడు. చస్తాడు, లేస్తాడు. మడమ మెలితిరిగి, వేలికి తుపాకీ వేలాడుతూ లిఫ్టులోంచి బయటికొస్తాడు. మిగతా జాంబీలకి తెలియనిది వీడికొకటి తెలుసు: దొంగ గోడ వెనక మెట్లు. మిగతావన్నీ మర్చిపోయాడు గానీ ఇంటి దారి మర్చిపోలేదు. ఆ మందనంతా వెంటేసుకుని తిన్నగా అక్కడికే వెళ్తాడు. రొమేరో మొదట రాసుకున్న ముగింపులో పీటరూ ఫ్రానూ కూడా ప్రాణాలు తీసుకుంటారట. తర్వాత మనసు మార్చుకుని ఇద్దర్నీ హెలికాప్టర్ ఎక్కించాడు. అందులో పెట్రోలు కొంచెమే ఉంది.

క్యాసెట్ తిరిగివ్వడానికి వెళ్తే పెద్దాయన టీ పెట్టి కబుర్లు చెప్పాడు. 1977 చివర్లో మొదలుపెట్టారట షూటింగు. మాల్ మూశాక రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా. పొద్దున ఏడింటికి స్పీకర్లలో పాటలు వాటంతటవే మొదలయ్యేవి, వాటిని ఆపడం ఎవరివల్లా కాదు, అంతే, ఆ పూటకి సరంజామా సర్దుకోవడమే. క్రిస్మస్‌కి మాల్‌ నిండా అలంకరణలు కట్టారు. వాటిని రోజూ విప్పి మళ్ళీ కట్టలేక షూటింగే కొన్ని వారాలు ఆపేశారు. ఎలా నడవాలో మాత్రం రొమేరో చేసి చూపించేవాడు కాదట. చూపిస్తే అందరూ అచ్చు అలాగే నడుస్తారని. “ఎవరి చావు వాళ్ళు చచ్చాం” అని పెద్దాయన లేచి వంటింట్లో నాలుగడుగులు వేసి చూపించాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఎడమ కాలు ఈడుస్తూ. అది నటనో కీళ్ళ నొప్పో నాకు తెలియలేదు.

ఐస్ రింకు సంగతి అడిగాను. అది 1980ల్లోనే తీసేశారు, నువ్వు ఫ్రెంచ్ ఫ్రైస్ తినే ఫుడ్ కోర్టు అదే అన్నాడు.

మరి మీ అసలు ఉద్యోగం ఏంటి అంటే హోమ్‌స్టెడ్ స్టీల్ మిల్లు అన్నాడు. ఒకప్పుడు వేలమంది పనిచేసిన మిల్లు, 1986లో మూసేశారు. ఆ స్థలంలో ఇప్పుడేముంది అని నేను అడగక్కర్లేదు, నాకు తెలుసు. 1999లో అక్కడ పేద్ద షాపింగ్ సెంటరు కట్టారు, వాటర్‌ఫ్రంట్ అని. మిల్లు గుర్తుగా పన్నెండు పొగ గొట్టాలు మాత్రం వరసగా ఉంచేశారు. మేం అక్కడికీ వెళ్ళేవాళ్ళం, నెల్లూరుకి సినిమా బుద్ధి పుట్టినప్పుడల్లా. ఆ గొట్టాల ముందు నిలబడి ఫోటోలు దిగి ఇంటికి పంపాం కూడా. మా నాన్న ఉత్తరంలో అడిగాడు, అక్కడ ఫ్యాక్టరీలో పని దొరికిందా అని.

ఆయన మిల్లు పోయినందుకు ఏడవలేదు, తిట్టలేదు. అక్కడికి మాత్రం వెళ్ళను అన్నాడు. నడవడానికి మన్రోవిల్లే వెళ్తాను, అక్కడైతే నాకు పాత పరిచయం అన్నాడు.

తర్వాత శనివారం మళ్ళీ గుడి, పులిహోర, మాల్. ఈసారి మేం కొంచెం తేడాగా నడిచాం. వంతెన మీద వరంగల్ కాలు ఈడ్చాడు, కడప చేతులు ముందుకి చాచాడు. ఒక సెక్యూరిటీ గార్డు చూసి నిట్టూర్చాడు. అలాంటి వెధవల్ని వాడు నెలకి పదిమందిని చూస్తాడని తర్వాత అర్థమైంది. ఆ సినిమా కోసమే ఎక్కడెక్కడి నుంచో ఆ మాల్‌కి జనం వచ్చేవాళ్ళు.

రొమేరో మొదటి సినిమా కూడా వెతికి చూశాం, 1968లో వచ్చిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్. అదీ ఆ చుట్టుపక్కలే తీశాడు. పేరు మార్చినప్పుడు తెర మీద కాపీరైట్ ముక్క పెట్టడం మర్చిపోయారట, దాంతో సినిమా ఎవరు పడితే వాళ్ళు అమ్ముకునేదైపోయింది. మాకు ఏదో డాలర్ షాపులో దొరికింది. ముగ్గురు నిరుద్యోగులకి సరిపడే ధర.

2002 వేసవికి ఒక్కొక్కడికీ ప్రాజెక్టులొచ్చాయి, తలో ఊరికీ చెదిరిపోయాం. పెద్దాయనకి చెప్పి వెళ్ళానో లేదో గుర్తు రావడం లేదు. క్యాసెట్ అయితే ఇచ్చేశాను. నేను 2009లో హైదరాబాద్ వచ్చేశాను, మూడు సూట్‌కేసులూ అప్పుడు నిజంగానే పనికొచ్చాయి.

రొమేరో 2017లో పోయాడు. తర్వాతి ఏడాది ఆయన విగ్రహం ఒకటి ఆ మాల్ లోపలే పెట్టారు, భుజాల దాకా, పెద్ద కళ్ళజోడుతో. 2019లో ఒక పెళ్ళికని వెళ్ళినప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్ళి చూపించాను. దానికి పన్నెండేళ్ళు. పొద్దున గుడి, క్యాంటీన్, అక్కణ్ణుంచి మాల్. “ఈ తాత ఎవరు?” అంది. దెయ్యాల సినిమాలు తీశాడు అన్నాను. దెయ్యాలు కాదు అనుకో, ఆ తేడా చెప్పాలంటే దింపుడు కళ్లం దాకా వెళ్ళాలి.

వంతెన లేదు, ఏవో మార్పులు చేసినప్పుడు తీసేశారు. సగం దుకాణాలు మూసేసి ఉన్నాయి. పదిహేడేళ్ళయినా కాళ్ళకి దారి తెలుసు. ఇటు తిరిగి, అటు తిరిగి, ఎవర్నీ అడక్కుండా నడుస్తున్నాను. “నాన్నా, ఎక్కడికి?” అంది వెనకనుంచి.

“పెన్నీస్‌కి.”

“అక్కడేం కొనాలి?”

తలెత్తి చూస్తే పెన్నీస్ ఉండాల్సిన చోట సినిమా హాలుంది. పెన్నీస్ ఎప్పుడో మాల్‌లోనే ఇంకో మూలకి మారిందట. చేతిలో గుడి దగ్గర కట్టించుకున్న పులిహోర డబ్బా ఉంది. అక్కడే ఒక బెంచీ కనిపిస్తే కూర్చుని, ఇద్దరం చెరోవైపు నుంచీ తినేశాం.